వచ్చే రాఖీకి తమ్ముడు ఉంటాడా అని మా పెద్దది అడిగింది

చిన్నోడి అమ్మ, హనుమకొండ:

అందరికీ నమస్తే. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. రాత్రి రెండున్నర అయింది, ఇప్పుడే మా చిన్నోడికి ఉప్మా చేసి పెట్టి పడుకోబెట్టాను. రాత్రి రెండింటికి ఉప్మా ఏంటి అనుకుంటారేమో. డెక్సా అనే స్టిరాయిడ్ వాడిన పిల్లల తల్లులకు తెలుస్తుంది ఆ ఆకలి ఎట్లా ఉంటుందో. తిన్న చేతులు కడగకముందే మళ్లీ ఏం వండుతావని అడుగుతాడు.

మావాడికి ఏడేళ్లు. పోయిన దసరా సెలవుల్లో బతుకమ్మ దగ్గర నడుస్తూ నడుస్తూ ఎడమపక్కకు తూలాడు. పిల్లల తోపులాట అనుకున్నాం. బడి తెరిచాక టీచర్ ఫోన్ చేసి, కన్ను లోపలికి తిరుగుతోంది, చూపించండి అంది. అద్దాలు వస్తాయేమో అని పోయాం. కళ్ల డాక్టర్ చూసి ఎంఆర్ఐ రాశాడు. డీఐపీజీ అన్నారు. మెదడు కాండంలో పాన్స్ అనే చోట వచ్చే గడ్డ. ఊపిరికి, మింగడానికి, కళ్లకు, నడకకు కావలసిన నరాలన్నీ ఆ కాస్త చోట్లోనే ఉంటాయట. గడ్డ విడిగా ఉండదు, వాటి మధ్యలోకి అల్లుకుపోతుంది. అందుకే ఆపరేషన్ చేసి తీసే వీలు లేదు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో, పేరు ఎందుకులెండి, డాక్టర్ వరండాలో నిలబడి రెండు నిమిషాల్లో మొత్తం ఇంగ్లీషులో చెప్పేసి లిఫ్ట్ ఎక్కాడు. లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా మా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. మూసుకున్నాక నా వైపు తిరిగి "ఏమన్నాడు?" అని అడిగాడు. నేను డిగ్రీ చదివాను. నాకూ సగమే అర్థమైంది. కానీ ఆ సగం చాలు.

తర్వాత వేరేచోట ఆరోగ్యశ్రీలో రేడియేషన్ అయింది. 30 సిట్టింగులు, ఆరు వారాలు. నాంపల్లిలో గది తీసుకొని నేనూ చిన్నోడూ ఉన్నాం. కదలకుండా ఉండడానికి వాడి ముఖం అచ్చుతో ఒక జాలీ మాస్కు చేశారు. అయిపోయాక దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించి ఉంటుంది. అది పెట్టుకొని తలుపు చాటున నిలబడి అక్కను భయపెట్టేవాడు. సంక్రాంతి నుంచి మామిడిపళ్లు వచ్చేదాకా బాగున్నాడు. నడక సరైంది, కన్ను సరైంది. ఇట్లా కొన్ని నెలలు బాగుంటారని డాక్టర్లు ముందే చెప్పారు. చెప్పినా మేము మరిచిపోయాం. నిజం చెప్పాలంటే, మరిచిపోవాలనే అనుకున్నాం.

జూన్‌లో బడికి నాలుగు రోజులు పోయాడు. మళ్లీ కన్ను తిరిగింది. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది, నీళ్లు తాగితే దగ్గు వస్తోంది. ఇంట్లోనే బాగా చూసుకోండి అని పంపారు.

మా ఆయనకు మోటారు వైండింగ్ షాపుంది. పొద్దున ఏడింటికి పోయి రాత్రి పదింటికి వస్తాడు. ఈ కాలంలో అంత పని ఉండదని నాకు తెలుసు. మా అత్తమ్మ మేడారం మొక్కింది, మనవడికి నయమైతే నిలువెత్తు బంగారం ఇస్తానని. అమ్మవార్లకు మనిషి ఎత్తు బెల్లం తూచి ఇస్తారు కదా, అదే బంగారం. స్టిరాయిడ్‌తో మావాడు 19 కిలోల నుంచి 26 కిలోలయ్యాడు. "నానమ్మా, నాకు ఇంకో దోశ వెయ్యకు, నీకు బెల్లం ఖర్చు పెరుగుతది" అంటాడు. అందరం నవ్వుతాం. అత్తమ్మ మాత్రం వంటింట్లోకి పోతుంది.

ఇక అసలు సంగతి. మా పెద్దదానికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. నేను నాంపల్లిలో ఉన్నప్పుడు అది పెద్దమనిషైంది. నాకు చెప్పలేదు. పక్కింటి ఆంటీకి చెప్పింది, ఆమే అన్నీ చూసుకుంది. నాకు రెండు వారాల తర్వాత తెలిసింది. ఫంక్షన్ లేదు, కొత్త బట్టలు లేవు, నేను పక్కన కూర్చున్నదీ లేదు. ఎందుకు చెప్పలేదు బిడ్డా అంటే "నువ్వు బిజీగా ఉన్నావు కదా" అంది. కోపంతో అనలేదు. మామూలుగానే అంది.

పోయిన ఆదివారం జడ వేస్తుంటే అడిగింది, "అమ్మా, వచ్చే రాఖీకి తమ్ముడు ఉంటాడా?" అని. రాఖీ ఇంకా నెలన్నర ఉంది. నా చేతిలో జడ సగంలో ఉంది. "ఎందుకుండడు, పిచ్చిదానా" అన్నాను. అంతే, తల వెనక్కి లాక్కొని మిగిలిన జడ తనే వేసుకుంది. అప్పటినుంచి నాతో అవసరమైతేనే మాట్లాడుతోంది. మొన్న నా ఫోన్‌లో చూస్తే తను వెతికిన మాటలు కనిపించాయి. డీఐపీజీ అని వెతికింది. ఎన్ని రోజులు బతుకుతారు అని కూడా. నేను అబద్ధం చెప్పానని దానికి ముందే తెలుసన్నమాట.

ఇప్పుడు నిజం చెప్పాలా? ఎట్లా మొదలుపెట్టాలి? చిన్నోడికి ఏం చెప్పాలి? ఇట్లాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. ధైర్యంగా ఉండండి అని మాత్రం రాయకండి, అది చాలామంది చెప్పారు.

శ్రేయోభిలాషి:

అమ్మా, బాధపడకండి. మా బంధువుల్లో ఒకరికి తలలో గడ్డ ఉంటే నాటు మందుతో మూడు నెలల్లో కరిగిపోయింది. ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి అది వాడాలి. నంబరు కావాలంటే అడగండి, పంపుతాను. నమ్మకం ముఖ్యం.

చిన్నోడి అమ్మ, హనుమకొండ:

మీరు మంచి మనసుతో రాశారని తెలుసు. కానీ మందులు ఆపను. డెక్సా ఒక్కపూట ఆలస్యమైనా తలనొప్పితో వాంతులు చేసుకుంటాడు, ఆ వాంతులు ఎత్తేది నేను. ఇంతకుముందు ఇద్దరు ఇట్లాగే చెబితే ఒకసారి పోయి 40 వేలు ఇచ్చి వచ్చాం. నేను అడిగింది నా బిడ్డకు ఏం చెప్పాలని.

తెనాలి అక్క:

నేను మీ పెద్దమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని. ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్, నాకప్పుడు పదేళ్లు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. జ్వరం అన్నారు. ఆఖరి నెలలో నన్ను అమ్మమ్మగారింటికి పంపించారు. అక్కడ రోజూ జున్ను పెట్టేవాళ్లు, అడిగినవన్నీ కొనేవాళ్లు. నేను తిరిగొచ్చేసరికి హాల్లో వాడి ఫోటోకు దండ వేసి ఉంది. ఆ రోజు ఏడవలేదు. జున్ను తిన్నందుకు సిగ్గేసింది.

చాలా ఏళ్లు ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడికి జ్వరం మొదలవడానికి ముందు మేం పెన్సిల్ కోసం కొట్టుకున్నాం, వాడి చెయ్యి కొరికాను. ఆ కొరికిన చోటునుంచే జబ్బు వచ్చిందని నమ్మాను. ఇంటర్‌లో బోటనీ జువాలజీ చదివేదాకా నమ్మాను. నవ్వుతారేమో, కానీ నిజం.

మీ అమ్మాయికి నిజం చెప్పండి. దాంతోపాటు ఇది నీవల్ల రాలేదు అని కూడా నోరు తెరిచి చెప్పండి, తను అడగకపోయినా సరే. ఇది అంటుకునే జబ్బు కాదు, నీకు రాదు అని కూడా. ఇంకొక్కటి, ఏం జరిగినా తనని ఎక్కడికీ పంపించనని మాటివ్వండి. మా అమ్మను నేను క్షమించాను, ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం. కానీ ఆ నెల రోజులు ఇప్పటికీ నాకు బాకీనే.

నర్సు, పాలియేటివ్ కేర్:

అమ్మా, పిల్లల వార్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మీరు ఇంటికి పంపేశారు అని రాశారు. ఇంటికి పంపారంటే ఇక చేసేదేమీ లేదని కాదు. నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. తెలంగాణలో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి కేంద్రాలున్నాయి, "ఆలన" వ్యాన్‌లో నర్సులు ఇంటికే వచ్చి చూస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో వెంటనే పేరు రాయించండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు పాలియేటివ్ విభాగం ఉంది. ముందే ఎందుకంటున్నానంటే, నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ అవసరం కావచ్చు, అది మామూలు మెడికల్ షాపులో దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల నుంచే తెచ్చుకోవాలి. అవసరం పడిన రాత్రి వెతుక్కుంటే దొరకదు. మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని మీ బంధువులు భయపెడతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, మొదటి రోజు నుంచే దానికి సిరప్ అడగండి. డెక్సాను మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించాలన్నా మెల్లగా డాక్టర్ చెప్పినట్టే.

ఇక అమ్మాయి సంగతి. తెనాలి అక్క చెప్పిందంతా నిజం. నేను కలిపేది ఒక్కటే, మాటలు. "నిద్రపోతాడు", "దేవుడి దగ్గరికి ఊరెళ్తాడు" అని చెప్పకండి. అట్లా చెప్పిన ఇంట్లో చెల్లెలు రాత్రిళ్లు నిద్రపోవడం మానేసిన సంగతి నాకు తెలుసు. పన్నెండేళ్ల పిల్లకు "జబ్బు నయం కాదు, తమ్ముడు చనిపోతాడు, ఎప్పుడో మాకూ తెలియదు" అనే మాట అర్థమవుతుంది. ఒకేసారి అన్నీ చెప్పి ముగించాలని చూడకండి. ఒక ముక్క చెప్పి ఆగండి. తను లేచి టీవీ పెట్టుకున్నా పర్వాలేదు, మళ్లీ వస్తుంది.

చిన్నోడు మిమ్మల్ని ఏమైనా అడిగితే వెంటనే జవాబివ్వకండి. "నీకెందుకట్లా అనిపించింది నాన్నా?" అని అడగండి. ఆ వయసు పిల్లలు చాలాసార్లు అడిగేది సూది ఉంటుందా, అమ్మ పక్కనే పడుకుంటుందా అనే. చెబితే పిల్లలు కుంగిపోతారని అందరూ అంటారు. స్వీడన్‌లో క్యాన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగి 2004లో ఒక అధ్యయనం వేశారు. బిడ్డతో చావు గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా తప్పు చేశామనలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది, మాట్లాడి ఉండాల్సింది అన్నారు. ఇది బలవంతంగా చెప్పమని కాదు. వాడు తలుపు తడితే తీయమని.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని వాయిదా వేయకండి. ఈ జబ్బులో చాలాసార్లు మాట ముందు పోతుంది, తెలివి చాలాకాలం ఉంటుంది. నోరు పెగలకపోయినా అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి. కాబట్టి మాట ఉండగానే సైగలు నేర్పించండి. అవునుకు ఒకటి, కాదుకు ఒకటి, నొప్పికి ఒకటి. కన్నుతో ఒక రకం, వేలితో ఒక రకం, రెండూ. ఏది ఎక్కువ రోజులు మిగులుతుందో చెప్పలేం. ఆ పని మీ పెద్దమ్మాయికి అప్పగించండి, మనకన్నా పిల్లలే బాగా చేస్తారు. నీళ్లకు దగ్గు వస్తోందన్నారు, పల్చటివి తగ్గించి రాగిజావ, గట్టి పెరుగు లాంటివి చిన్న చెంచాతో ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

గోదావరి నాన్న:

చెల్లెమ్మా, అందరూ మీ పాప గురించి రాశారు. నేను మీ ఆయన గురించి రాస్తా. మాది రాజమండ్రి, లారీ బుకింగ్ ఆఫీసు. మా పాపది ఎస్ఎంఏ టైప్ వన్, కండరాలు బలం కోల్పోయే జన్యు జబ్బు, రెండో పుట్టినరోజు చూడలేదు. నేనూ రాత్రి పదింటిదాకా ఆఫీసులోనే కూర్చునేవాణ్ని. లారీల్లేవు, బిల్లుల్లేవు. షట్టరు సగం దించేసి కూర్చోడమే. మా ఆవిడ, ఈయనకి పట్టలేదు అనుకుంది. పట్టకపోతే ఇంటికొచ్చి హాయిగా పడుకునేవాణ్ని కదా!

ఆయన్ని "కాస్త చూసుకో" అనకండి. మా మగాళ్లకి ఆ మాట అర్థం కాదు. "తొమ్మిదింటి మందు నీది, నేను వెయ్యను" అనండి. మా ఆవిడ గొంతులో కఫం తీసే సక్షన్ మిషన్ నాకప్పగించింది. మొదట చేతులొణికాయి. తర్వాత అది నేను తప్ప ఎవరూ చెయ్యకూడదన్నట్టు తయారయ్యాను. మోటార్లు చుట్టే మనిషన్నారు కదా, చేత్తో చేసే పనేదైనా ఇవ్వండి.

చిన్నోడి అమ్మ, హనుమకొండ:

మూడు వారాలైంది, జవాబు రాయలేకపోయాను. అందరికీ దండాలు.

పెద్దదానికి చెప్పాను. డాబా మీద, బట్టలు తీస్తూ. చేతుల్లో ఏదో ఒకటి ఉంటే మాట వస్తుందనిపించింది. "ఆ రోజు నువ్వు అడిగితే నేను అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టాను. నర్సు మేడం చెప్పిన మాటలే అన్నాను, "చనిపోతాడు" అనే మాట దగ్గర మాత్రం నా గొంతు ఆగిపోయింది, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అది ఒక్క చుక్క ఏడవలేదు. "మరి వాడి స్కూల్ ఫీజు జూన్‌లో కట్టావు కదా, వాపస్ ఇస్తారా?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడిగి చూద్దాం అన్నాను. దుప్పటి అటు చివర తను, ఇటు చివర నేను పట్టుకొని మడిచాం.

రాత్రి అందరూ పడుకున్నాక వచ్చింది. పోయిన వినాయక చవితి రోజుల్లో మంచం మీద కొట్టుకుంటూ తమ్ముణ్ని తోసిందట, వాడి తల గోడకు తగిలిందట. "అప్పటినుంచే కదా అమ్మా వచ్చింది?" అని అడిగింది. తొమ్మిది నెలలు మోసింది ఆ మాటని. తెనాలి అక్కా, మీరు రాయకపోతే నేను దీనికి సిద్ధంగా ఉండేదాన్ని కాదు. దెబ్బ తగిలితే ఈ గడ్డ రాదు, ఎవరూ ఏదీ చేయడం వల్ల రాలేదు అని చెప్పాను. నమ్మలేదు. మరుసటి రోజు ఆలన వాళ్లు ఇంటికొస్తే వాళ్లతో చెప్పించాను, అప్పుడు నమ్మింది. ఆ రోజు ఏడ్చింది, చాలాసేపు, నా కొంగు పట్టుకొని. మళ్లీ నాతో మాట్లాడుతోంది. ఎక్కువగా పోట్లాడుతోంది, అదే మాట్లాడ్డం.

మా ఆయనకు తొమ్మిదింటి మందులు అప్పగించాను. మొదటి రోజు తొమ్మిదిన్నరకు వచ్చాడు. నేను వేయలేదు, గడియారం చూస్తూ కూర్చున్నాను, లోపల పీకుతూనే ఉంది. రెండో రోజు ఎనిమిదింటికే వచ్చాడు. ఇప్పుడు షాపులో బిల్లులు రాసే పుస్తకంలోనే మందుల లెక్క రాస్తున్నాడు, పక్కన టిక్కులు పెడతాడు. "5 హెచ్‌పీ మోటారు, అడ్వాన్స్ 500" కింద "డెక్సా, 9.05".

రాఖీ దాకా ఆగనని పెద్దదే అంది. ఆషాఢంలో రాఖీ ఏంటని అత్తమ్మ గొణిగింది. బజార్లో ఇంకా రాఖీలు రాలేదు. తండ్రీ కూతుళ్లు ఆదివారం షాపుకు పోయి, వైండింగ్‌కు వాడే రాగి తీగ అల్లి, మధ్యలో ఎర్ర స్లీవు ముడివేసి తెచ్చారు. వార్నిష్ వాసన కొడుతోంది. వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని "డాడీ వాసన" అన్నాడు. మాట ముద్దగా వచ్చినా ఆ ముక్క అందరికీ అర్థమైంది. గొణిగిన అత్తమ్మే హారతి పళ్లెం తెచ్చింది. అక్కకు ఏమిస్తావురా అంటే వేలు గోడ వైపు చూపించాడు. మాస్కు. ఇప్పుడది దాని పుస్తకాల అరలో ఉంది.

అత్తమ్మ మొక్కు కూడా అయిపోయింది. నయమయ్యాక కదా ఇవ్వాల్సింది అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. 26 కిలోలు తూయించి, పక్కింటావిడను తోడు తీసుకొని మేడారం బస్సెక్కింది.

సైగలు నడుస్తున్నాయి. అవునంటే ఒకసారి కన్ను ఆర్పడం, కాదంటే వేలు ఎత్తడం, నొప్పంటే చెయ్యి పిడికిలి. పెద్దది ఇంకొకటి కలిపింది, రెండుసార్లు కన్ను ఆర్పితే "నానమ్మ ఎక్కువ మాట్లాడుతోంది" అని. అత్తమ్మకు ఇంకా తెలియదు. చిన్నోడు నన్ను ఏమీ అడగలేదు. రాత్రి లైటు తియ్యొద్దు అంటున్నాడు. తియ్యడం లేదు.

నర్సు మేడంకు ఒక ప్రశ్న. రెండు రోజులుగా సర్వపిండి కావాలంటున్నాడు. మాడిన అంచు కావాలట. జావ తప్ప ఏదీ సరిగ్గా దిగడం లేదు. మజ్జిగలో నానబెట్టి పెట్టొచ్చా?

నర్సు, పాలియేటివ్ కేర్:

మజ్జిగ వద్దు, పల్చనైపోతుంది, పొరపోతుంది. పల్లీలు, శనగపప్పు లేకుండా చేయండి. లోపలి మెత్తటి భాగం గట్టి పెరుగులో మెత్తగా మెదిపి, చెంచా కొసతో, వాడు హుషారుగా ఉన్న పూట పెట్టండి. దగ్గితే ఆపేయండి. మాడిన అంచు మింగనివ్వొద్దు, నమలలేడు. మీరు చేతిలో పట్టుకొని వాడి నాలుకకు ఆనించండి, రుచి చూసి వదిలేస్తాడు.

చిన్నోడి అమ్మ, హనుమకొండ:

సరే మేడం. పిండి తడుపుతున్నాను.